బావ గోల్‌పోస్టులో, బామ్మర్ది బంతి దగ్గర

అతన్ని టీమ్‌లో అందరూ చుట్టం అనేవారు. ఆ పేరు ఈ ఊళ్ళో పెట్టింది కాదు. కొన్ని టీముల కిందట, కొత్తగా చేరిన రోజు, సంచీ భుజానేసుకుని గ్రౌండ్ గేటు దగ్గర నిలబడితే, వాచ్‌మన్ లోపలికి తిరిగి, "ఎవరో మీ చుట్టమట, వచ్చాడు" అని కేకేశాడు. అంతే, అతుక్కుపోయింది. ఊరు మారినా పేరు మారలేదు సరికదా, ఏ కొత్త టీముకి వెళ్ళినా అతని కంటే ఒకరోజు ముందే ఆ పేరు అక్కడికి చేరి కూర్చునేది.

మీసాలు రాని వయసులో మొదలుపెట్టి ముప్ఫయ్యయిదేళ్ళు వచ్చేదాకా ఫుట్‌బాల్ ఆడుతూనే ఉన్నాడు. ఫార్వర్డ్. అంటే గోల్ కొట్టడం అతని పని. కొట్టకపోతే తిట్లు తినడం కూడా అతని పనే. కాలికి బలపం కట్టుకున్నట్టు ఊళ్ళు తిరిగాడు. అన్నీ కింది డివిజన్ టీములే. మూడో డివిజన్, నాలుగో డివిజన్, ఓపిక లేని ఏడాది అయిదో డివిజన్. ఒక గ్రౌండ్ ఎంత ఏటవాలుగా ఉండేదంటే, మొదటి సగం కొండెక్కినట్టు, రెండో సగం కొండ దిగినట్టు ఆడాలి. ఇంకో గ్రౌండ్ పక్కనే రైలు పట్టాలు. అక్కడ అతను గోల్ మీదుగా కొట్టిన బంతి ఒకటి గూడ్సుబండిలో పడి, జీవితంలో అతని కంటే ఎక్కువ దూరం వెళ్ళింది. అతను ఉండగా ఏ టీమూ పై డివిజన్‌కి ఎక్కలేదు. రెండు టీములు మాత్రం ఎక్కాయి, అతను వెళ్ళిపోయిన మరుసటి ఏడాదే. "మా ఆయన పాదమహిమ అలాంటిది, బయటికి పెట్టినప్పుడే పనిచేస్తుంది" అనేది అతని భార్య.

ఆవిడ జుట్టు కత్తిరిస్తుంది. పెళ్ళయిన కొత్తలో, ఇలా ఊరూరా తిరిగితే నీకు పని ఎలా అని ఆమె తల్లి దిగులుపడితే, "జుట్టు అన్ని ఊళ్ళలోనూ పెరుగుతుందమ్మా" అని కత్తెర, దువ్వెనలు సర్దుకుని బయల్దేరిన మనిషి. ఇప్పుడీ ఊళ్ళో బస్‌స్టాండ్ ఎదురు సందులో ఉన్న సెలూన్‌లో, కిటికీ పక్క కుర్చీ ఆమెది. వాళ్ళకో ఎనిమిదేళ్ళ కూతురు. ఏ కొత్త బళ్ళో వేసినా సాయంత్రానికల్లా ఇద్దరు స్నేహితుల్నీ ఒక శత్రువునీ సంపాదించుకొచ్చే రకం.

నాలుగో డివిజన్‌లో ఆటొక్కటే ఆడితే ఇల్లు గడవదు కాబట్టి, అతను పొద్దున్నే టైర్ల షాపులో పనిచేసేవాడు. రెండు ఇనుప పట్టీలు దూర్చి రిమ్ మీంచి టైరు ఊడదీయడం, ట్యూబుని నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు ఎక్కణ్ణించి వస్తున్నాయో చూడటం, చక్రం బిగించి పాదంతో రెంచి మీద ఒక తొక్కు తొక్కడం. మధ్యాహ్నానికి గోళ్ళ సందుల్లో నల్లటి మసి పట్టేది. ఎంత తోమినా పోదు. ఆ చేతులతోనే మూడింటికి ప్రాక్టీసుకి పోయేవాడు.

ఇక అతని బామ్మర్ది సంగతి చెప్పాలి. భార్యకి స్వయానా తమ్ముడు. పక్క ఊరి టీముకి గోల్‌కీపర్, వయసులో ఏడెనిమిదేళ్ళు చిన్న. వాడి పేరు గోడ. బంతి కొడితే తిరిగి రావడమే కానీ దాటిపోవడం ఉండదని ఆ ఊరివాళ్ళు పెట్టుకున్నారు. పెళ్ళికి ముందు అత్తవారింటికి వెళ్ళినప్పుడల్లా, ఇంటి వెనక సందులో రెండు నీళ్ళ డ్రమ్ముల మధ్య ఈ కుర్రాణ్ణి నిలబెట్టి బావ బంతులు కొట్టేవాడు. కాబోయే పెళ్ళాన్ని కిటికీలోంచి చూడ్డానికి అదో సాకు. ఆ సాకు కాస్తా కుర్రాణ్ణి గోల్‌కీపర్ని చేసింది. ఇప్పుడు ఇద్దరూ ఒకే డివిజన్‌లో ఎదురెదురు టీముల్లో ఉన్నారు. ఎన్నిసార్లు తలపడ్డా బావ బామ్మర్ది మీద ఒక్క గోల్ కొట్టింది లేదు. ఒకసారి పోస్టుకి తగిలింది, ఒకసారి మోకాలికి తగిలింది, ఒకసారి బంతి మొహానికి తగిలి ముక్కు వాచినా వాడు గోల్ మాత్రం ఇవ్వలేదు. ఇంట్లో ఎవరి పుట్టినరోజు జరిగినా ఈ విషయం ఒకసారి వడ్డించాల్సిందే.

ఆ ఏడాది లీగ్ ఎలా జరిగిందో ఏమో, చివరి మ్యాచికి వచ్చేసరికి పైన మిగిలింది ఈ రెండు టీములే. బామ్మర్ది టీము ఒక పాయింటు ముందుంది. వాళ్ళు గెలిస్తే సరేసరి, మ్యాచి సమానంగా ముగిసినా వాళ్ళే మూడో డివిజన్‌కి ఎక్కుతారు. చుట్టం టీము ఎక్కాలంటే గెలిచి తీరాలి. మ్యాచి చుట్టం వాళ్ళ గ్రౌండ్‌లోనే.

ఊరు ఊరంతా ఊగిపోయింది. ఎన్నడూ నాలుగో డివిజన్ గడప దాటని ఊరది. టైర్ల షాపుకి టైరు బాగున్నవాళ్ళు కూడా వచ్చి, "ఒకసారి గాలి చూడు" అని కూర్చుని, మ్యాచి గురించి అడిగి వెళ్ళేవారు. సెలూన్‌లో అయితే మరీను. తల వంచి కూర్చున్న ప్రతి ఆడమనిషీ అద్దంలోంచే ప్రశ్నలు వేసేది.

"ఇంతకీ నువ్వు మొగుడి పక్షమా, తమ్ముడి పక్షమా?"

"తల కదపకండి, చెవి తెగుతుంది" అనేది ఆవిడ.

ఆ వారమంతా బావాబామ్మర్దుల ఫోన్లకి హద్దూ అదుపూ లేదు.

"బావా, ఆదివారం నీ కోసం గోల్‌పోస్టు కాస్త వెడల్పు చేయించమని మీ వాళ్ళకి చెప్పాను."

"ముందు నీ చేతులకి జిగురు రాసుకో. ముసలి బంతి కాదు వచ్చేది, మెరుపు."

"మెరుపా? మెరుపు వచ్చి రెండు నెలలైందట కదా, అక్క చెప్పింది."

ఆ మాట దగ్గర బావకి నవ్వు ఆగిపోయింది. నిజమే మరి. అతను గోల్ కొట్టి రెండు నెలలు దాటింది. బంతి కాలికి తగుల్తోంది, ఆట తెలుస్తోంది, గోల్ మాత్రం రావడం లేదు. అందుకే శుక్రవారం ప్రాక్టీసు అయ్యాక కోచ్ అతన్ని పక్కకి పిలిచినప్పుడు, సంగతేమిటో నడకలోనే అర్థమైంది. కోచ్ బళ్ళో లెక్కల మాస్టారు. టీమ్‌లో అందరికీ మాస్టారే.

"ఆదివారం నిన్ను మొదట బెంచి మీద ఉంచుతున్నాను" అన్నాడు మాస్టారు.

"అర్థమైంది మాస్టారూ."

"అర్థమైతే చాలదు. కోపం కూడా రావాలి నీకు."

"వచ్చింది. ఆదివారం దాకా దాచుకుంటాను."

"దాచుకో. రెండో సగంలో అడుగుతాను."

ఇంటికొచ్చి భార్యకి చెప్పాడు. ఆవిడ కూతురి జడ విప్పుతోంది. "బెంచి మీద కూర్చుంటే మీ జుట్టు బాగా కనబడుతుంది, రండి కాస్త సరిచేస్తాను" అంది. అతను నేలమీద చతికిలబడ్డాడు. ఆవిడ కత్తెర ఆడిస్తూ మెల్లిగా అడిగింది, "ఇదే ఆఖరి మ్యాచి అయితే?"

"అయితే అవుతుంది. వచ్చే ఏడాది నన్ను ఎవరు పిలుస్తారు?"

"నేనడిగింది అది కాదు. ఆడాలని ఉందా లేదా?"

"ఉంది" అన్నాడు. ఆ ఒక్క మాటా ఎంత గట్టిగా వచ్చిందంటే, కూతురు ఉలిక్కిపడి చూసింది.

ఆదివారం మధ్యాహ్నానికి గ్రౌండ్ చుట్టూ ఇసుక వేస్తే రాలనంత జనం. మెట్లు నిండాయి, ప్రహరీగోడ నిండింది, టైర్ల షాపు డాబా మీద పాత టైర్లు పేర్చి వాటి మీద కూర్చున్నారు. అత్తగారు పక్క ఊరి నుంచి బస్సులో వచ్చి కూతురికీ మనవరాలికీ మధ్య కూర్చుంది. "బంతి మా అల్లుడి దగ్గరికొచ్చినా కళ్ళు మూసుకుంటాను, మావాడి దగ్గరికెళ్ళినా మూసుకుంటాను" అని ముందే చెప్పింది.

"అలాగైతే మ్యాచి అంతా నిద్రపోవడమే అమ్మమ్మా" అంది మనవరాలు.

విజిల్ ఊదిన పావుగంటకే దెబ్బ పడింది. అవతలివాళ్ళ కార్నర్, గుంపులోంచి ఎవరిదో తల లేచింది, బంతి వలలో పడింది. పక్క ఊరినించి వచ్చినవాళ్ళు గంతులేశారు. తక్కిన గ్రౌండ్ అంతా గొంతులో వెలక్కాయ పడ్డట్టు అయిపోయింది. ఆ తరవాత చుట్టం టీము మీద పడి కొట్టింది కానీ అక్కడున్నది గోడ కదా. ఒకటి పిడికిలితో గుద్దాడు, ఒకటి గాల్లో ఈదినట్టు వెళ్ళి పట్టుకున్నాడు. బెంచి మీద కూర్చున్న బావకి కాళ్ళు ఒకచోట ఆగడంలేదు. మింగలేడు, కక్కలేడు. బామ్మర్ది మంచి సేవ్ చేస్తే చప్పట్లు కొట్టడానికి చేతులు లేచేవి. మళ్ళీ గుర్తొచ్చి వాటిని తొడల కింద పెట్టుకునేవాడు.

రెండో సగం మొదలైన కాసేపటికి కెప్టెన్ ఒక ఫ్రీ కిక్‌ని తలతో మళ్ళించి గోల్ చేశాడు. ఒకటీ ఒకటీ. డాబా మీంచి ఒక టైరు దొర్లి కిందపడింది. అయితే సమానమైతే చాలదు కదా. గెలవాలి. మాస్టారు అప్పటికే ఇద్దర్ని మార్చాడు. మూడోదీ ఆఖరిదీ అయిన మార్పు మిగిలింది. వెనక్కి తిరిగి, "ఆ దాచుకున్నది బయటికి తియ్యి" అన్నాడు.

అతను గీత దాటి పరిగెత్తుతుంటే మెట్ల మీద ఎవరో "చుట్టం వచ్చాడు" అని అరిచారు. అది అందుకుని గ్రౌండ్ అంతా అరవడం మొదలుపెట్టింది. అన్నేళ్ళుగా ఆడుతున్నాడు కానీ అంతమంది కలిసి తన పేరు అరవడం అతను వినలేదు.

వచ్చిన కాసేపటికే అవకాశం. కెప్టెన్ ఇద్దరి మధ్యలోంచి దారం ఎక్కించినట్టు బంతి పంపాడు. ముందు ఎవరూ లేరు, బామ్మర్ది తప్ప. వాడు రెండు చేతులూ చాపి ముందుకు వస్తున్నాడు. అతను కుడి మూలకి, నేల మీద గడ్డి కోసుకుంటూ వెళ్ళేలా కొట్టాడు. కొట్టిన చప్పుడుకే గోల్ అనుకున్నాడు. వాడి ఎడమ బూటు ఎక్కణ్ణించి వచ్చిందో దేవుడికే తెలియాలి. బంతి పక్కకి పోయింది. వాడు లేస్తూ లేస్తూ బావకేసి చూసి కన్నుకొట్టాడు.

"నీ పెళ్ళికి రాను" అన్నాడు బావ.

"ముందు పిల్లని చూడు బావా" అన్నాడు వాడు, బంతి కోసం పరిగెడుతూ.

ఇంకో అయిదు నిమిషాలుంటాయి. కుడివైపు నించి బంతి ఎత్తుగా వచ్చింది. అతను ఇద్దరు డిఫెండర్ల భుజాల మధ్య నించి లేచాడు. ఆ వయసులో అంత ఎత్తు ఎలా లేచాడో తరవాత అతనికే అర్థం కాలేదు. నుదురు సరిగ్గా బంతికి తగిలింది. బామ్మర్ది వెల్లకిలా పడుతూ కూడా దాన్ని వేళ్ళతో పైకి తోశాడు. బంతి పై కర్రకి తగిలి, నేలమీద పడి, ఒక్క క్షణం ఎవరికీ చెందకుండా గిరగిరా తిరిగింది. కుడివైపు ఆడే బక్కపల్చని పాలవ్యాను డ్రైవరు ఎక్కణ్ణించో దూసుకొచ్చి, మోకాలితోనో తొడతోనో, ఏదో ఒకదాంతో దాన్ని లోపలికి తోసేశాడు.

రెండు ఒకటి. ఇక ఆ గోల చెప్పనలవి కాదు. ముక్కూమొహం తెలియనివాళ్ళు కావలించుకున్నారు. అత్తగారు కళ్ళు తెరిచి, "ఎవరు కొట్టారు?" అని అడిగింది. "పాలాయన" అంది మనవరాలు. "అమ్మయ్య, మనవాళ్ళెవరూ కాదు" అని ఆవిడ మళ్ళీ కళ్ళు మూసుకుంది.

ఆట అక్కడితో అయిపోతే బాగుండును. ఇంజురీ టైమ్‌లో, జనం విజిల్ కోసం చూస్తున్నప్పుడు, అవతలి ఫార్వర్డ్ ఒకడు బంతితో పెనాల్టీ గీత దాటి లోపలికి వచ్చేశాడు. చుట్టం వాళ్ళ గోల్‌కీపర్ తాటిచెట్టంత మనిషి, పేరు పొడుగు. బంతి అందుకుందామని దూకాడు. బంతి అందలేదు, మనిషి అందాడు. వాడు గాల్లో పల్టీ కొట్టి పడ్డాడు. రిఫరీ పరిగెత్తుకుంటూ వచ్చి ఒక చేత్తో పెనాల్టీ చుక్క చూపించాడు, ఇంకో చేత్తో జేబులోంచి ఎర్రకార్డు తీశాడు.

పొడుగు మొహం కప్పుకుని ఏడుస్తూ గ్లౌజులు విప్పుతున్నాడు. మార్చడానికి వీల్లేదు, మూడు మార్పులూ అయిపోయాయి. ఉన్న పదిమందిలోనే ఎవరో ఒకరు గోల్‌లో నిలబడాలి. కెప్టెన్ చుట్టూ చూశాడు. ఒకడు బూటు తాళ్ళు బిగించుకుంటున్నాడు. ఒకడు గడ్డిని చాలా శ్రద్ధగా పరిశీలిస్తున్నాడు. పాలవ్యాను డ్రైవరైతే ఏకంగా ఆకాశంలోకి చూస్తున్నాడు.

"ఇటివ్వు" అన్నాడు చుట్టం.

"నువ్వెప్పుడైనా గోల్‌లో నిలబడ్డావా?" అన్నాడు కెప్టెన్.

"లేదు. కానీ నా జన్మంతా గోల్‌కీపర్లనే చూస్తూ బతికాను. ఇవ్వు."

రోట్లో తల పెట్టాక రోకటిపోటుకి భయపడితే ఎలా. పొడుగు చొక్కా తొడుక్కుంటే అది తొడల దాకా వచ్చింది, చేతులు వేళ్ళు దాటి వేలాడాయి. మడత పెట్టుకున్నాడు. గ్లౌజులు లోపల చెమటతో చిత్తడిగా ఉన్నాయి. గోల్‌పోస్టుల మధ్య నిలబడి రెండు పక్కలా చూశాడు. ఇన్నేళ్ళూ ఇదెప్పుడూ అతనికి అగ్గిపెట్టెలా కనబడేది. ఇవాళ లారీల షెడ్డు అంత ఉంది.

అప్పుడు ఎదురుగా చూశాడు. అవతలి గోల్ దగ్గర్నించి గ్రౌండ్ అంతా దాటుకుంటూ ఒక మనిషి తాపీగా పరిగెత్తుకొస్తున్నాడు. బామ్మర్ది. వాళ్ళ టీములో పెనాల్టీలు కొట్టేది గోల్‌కీపరే. ఆ ఏడాది మొదట్లో ఫార్వర్డులు వరసగా తప్పుతుంటే, వాళ్ళ కోచ్‌కి ఒళ్ళు మండి గోడని పంపాడు. వాడు అప్పటినించి ఒక్కటీ తప్పలేదు.

మెట్ల మీద నవ్వూ కాని, ఏడుపూ కాని ఒక శబ్దం లేచింది. సెలూన్‌కి వచ్చే ఆడవాళ్ళందరూ ఒక్కసారే తిరిగి అతని భార్యకేసి చూశారు. ఆవిడ లేచి నిలబడింది. అత్తగారు కూతురి కొంగు పట్టుకుని, "ఇప్పుడెవరు కొడుతున్నారే?" అంది.

"తమ్ముడు."

"ఆపేదెవరు?"

"మీ అల్లుడు."

అత్తగారు ఈసారి కళ్ళు మూసుకోలేదు. రెండు చేతులూ చెంపలకి ఆనించుకుని అలాగే చూస్తూ ఉండిపోయింది.

వాడు బంతిని చుక్క మీద పెట్టి, వంగి, పైకి చూశాడు. "బావా, పక్కకి తప్పుకో. దెబ్బ తగిలితే అక్క నన్ను చంపుతుంది."

"గోల్ పడినా చంపుతుంది. ఆలోచించుకో."

వాడు నవ్వలేదు. పెదవులు ఎండిపోయినట్టున్నాయి. అది చూసి అతనికి ఎక్కడలేని ధైర్యం వచ్చింది. ఎన్ని వందల పెనాల్టీలు కొట్టాడు తను. ఎదుటి గోల్‌కీపర్ ముందే ఒక పక్కకి వాలితే ఎంత హాయిగా ఉండేదో, కదలకుండా నిలబడితే ఎటు కొట్టాలో తేల్చుకోవడం ఎంత కష్టమయ్యేదో అతనికి తెలుసు. కదలకూడదు, అనుకున్నాడు. వాడు ఆఖరి అడుగు వేసేదాకా చచ్చినా కదలకూడదు. వాడు కళ్ళతో అతని కుడివైపు చూస్తున్నాడు. చూడనీ. కళ్ళ సంగతి వదిలేసి, అతను కాళ్ళకేసి చూశాడు.

రిఫరీ విజిల్ ఊదాడు. వాడు కదిలాడు. అతని ఒంట్లో ప్రతి నరమూ దూకు దూకు అంటోంది. ఆగాడు. వాడి ఎడమకాలు బంతి పక్కన నేలమీద ఆనింది. ఆ బూటు ముందుభాగం అతని ఎడమ పక్కకి తిరిగి ఉంది. అప్పుడు దూకాడు.

దూకడం అంటే దూకడం కూడా కాదు, మిద్దె మీంచి పడ్డ బస్తాలా పక్కకి పడ్డాడు. కానీ చెయ్యి చాపి పడ్డాడు. వేళ్ళ చివర్లకి ఏదో నిప్పులా తగిలింది. ఠంగుమని పోస్టు మోగింది. బంతి వెనక్కి దొర్లుకుంటూ వస్తోంది. అతను మోకాళ్ళమీద పాకి, ఏడుస్తున్న పసిపిల్లని ఎత్తుకున్నట్టు దాన్ని గుండెలకి హత్తుకుని ముడుచుకుపోయాడు. మీద ఇద్దరో ముగ్గురో పడ్డారు. మన్ను నోట్లోకి పోయింది. బయట ఆకాశం విరిగిపడినంత చప్పుడు.

లేచాడు. విజిల్ ఇంకా ఊదలేదు, ఆట నడుస్తూనే ఉంది. బామ్మర్ది రెండు చేతులూ తలమీద పెట్టుకుని చుక్క దగ్గరే నిలబడ్డాడు. ఆ క్షణంలో, ఫార్వర్డ్‌గా బతికిన అన్నేళ్ళూ అతని తలని పట్టుకుని పైకెత్తి అవతలి వైపు తిప్పినట్టయింది. దూరంగా, చాలా దూరంగా, అవతలి గోల్ ఖాళీగా ఉంది.

బామ్మర్దికి కూడా అదే క్షణంలో వెలిగింది. ఇద్దరి చూపులూ కలిశాయి.

"వద్దు బావా" అన్నాడు వాడు, వెనక్కి తిరిగి పరుగందుకుంటూ.

అతను బంతిని చేతుల్లోంచి వదిలి, ఒంట్లో ఉన్నదంతా కుడికాల్లోకి తెచ్చుకుని తన్నాడు. బంతి మెట్లమీది జనాల తలల ఎత్తుకి లేచి, నడిమి గీత దాటి పడి, గెంతింది. మళ్ళీ గెంతింది. తరవాత దొర్లడం మొదలుపెట్టింది. దాని వెనక గోడ, ప్రాణం పెట్టి పరుగు. ఊరు ఊరంతా లేచి నిలబడి ఆ రెండిట్నీ చూస్తోంది. ఎవరికి ఏమని అరవాలో తెలియలేదు. కొందరు బంతిని వెళ్ళు వెళ్ళు అన్నారు. పక్క ఊరివాళ్ళు గోడని పరిగెత్తు పరిగెత్తు అన్నారు. మనవరాలు మాత్రం రెండూ అరిచింది. బంతి నెమ్మదిస్తోంది, వాడు దగ్గరవుతున్నాడు. బంతి గోల్ ముందున్న చిన్న బాక్సు గీత దాటింది. వాడు ఒళ్ళు నేలకి పరిచి జారాడు, కాలు చాపి గోల్ గీత మీంచి బంతిని వెనక్కి లాగాడు, ఆ ఊపులో తను మాత్రం వెళ్ళి వలలో చేపలా చిక్కుకున్నాడు.

రిఫరీ పొడుగ్గా విజిల్ ఊదాడు. అయిపోయింది. రెండు ఒకటి.

ఆ తరవాత ఏం జరిగిందో అతనికి ముక్కలు ముక్కలుగానే గుర్తు. పొడుగు ఏడుస్తూనే వచ్చి ఎత్తుకున్నాడు. మాస్టారు అద్దాలు ఎవరో తొక్కేశారు. కూతురు కంచె కింద నించి దూరి వచ్చి కాళ్ళకి చుట్టుకుంది. భార్య వచ్చింది. అతని మొహాన ఉన్న మన్ను చేత్తో తుడిచి, ఇంకొంచెం పులిమి, అప్పుడు నవ్వింది. పై డివిజన్. అన్ని ఊళ్ళు తిరిగాక, తను ఉండగా, తన కళ్ళముందే.

గుంపు కాస్త పలచబడ్డాక బామ్మర్ది కోసం వెతికాడు. డ్రెస్సింగ్ రూముల మధ్య సన్నటి దారిలో, గోడకి ఆనుకుని నేలమీద కూర్చుని ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అతను పక్కనే చతికిలబడ్డాడు.

"ఎటు కొడతానో ఎలా తెలిసింది?" అన్నాడు వాడు. "నీ కుడికి చూశాను కదా."

"కళ్ళు నా కుడికి చూశాయి. కాలు నా ఎడమకి చూసింది. నువ్వు గోల్‌కీపర్‌వి, కాలు దాచడం నీకెవరు నేర్పారు?"

"నువ్వు నేర్పొచ్చుగా."

"నేర్పితే ఇవాళ నా గతేంటి?"

వాడికి నవ్వొచ్చింది, ఆ నవ్వుతో పాటు ఇంకో విడత కన్నీళ్ళు కూడా వచ్చాయి. బావ వాడి మెడ చుట్టూ చెయ్యి వేసి తల దగ్గరికి లాక్కున్నాడు. "ఒరేయ్, అంత దూరం పరిగెత్తి ఆ బంతిని ఆపావు చూడు, ఇన్నేళ్ళలో అలాంటిది నేను చూళ్ళేదు. మ్యాచి పోయిందని తెలిసి కూడా పరిగెత్తావు."

"పోతే పోయింది. నీకు గోల్ ఇస్తే పుట్టినరోజులకి ఇంటికెలా వస్తాను?" అన్నాడు వాడు ముక్కు తుడుచుకుంటూ.

సాయంత్రం టైర్ల షాపు యజమాని తన లారీ తీశాడు. టీము మొత్తం ఎక్కింది. భార్య, కూతురు, ఎక్కించమని అడగకుండానే ఎక్కిన ఇంకో ఇరవైమంది కూడా ఎక్కారు. బస్‌స్టాండ్ మలుపు దగ్గర జనంతో దారి మూసుకుపోయింది. లారీ హారన్ ఎవరికీ వినబడటం లేదు. రొద మధ్యలో మాస్టారు ఒంగి, అద్దాలు లేక కళ్ళు చికిలిస్తూ, అతని చెవిలో అరిచాడు.

"వచ్చే ఏడాది ఉంటావా? మూడో డివిజన్‌లో పరుగు ఎక్కువ."

"ఉంటాను. అడగాలా?"

"ఫార్వర్డ్‌గానా, గోల్‌కీపర్‌గానా?" అంది భార్య పక్కనించి.

అతను జవాబు చెప్పేలోపే, అదే జనంలో ఇరుక్కుని పక్క ఊరి టీము బస్సు లారీ పక్కన ఆగింది. కిటికీలన్నీ మూసి, తలలన్నీ వంచుకుని ఉన్నాయి. ఒక్క కిటికీ తెరుచుకుంది. బామ్మర్ది నడుము దాకా బయటికి వచ్చి, చూపుడువేలు బొటనవేలు దగ్గరగా పెట్టి చూపించాడు.

"బావా, లైను దాటలేదు. ఇంత ఉంది ఇంకా."

"దాటింది. రిఫరీకి కళ్ళు లేవు" అని అరిచాడు అతను లారీ మీంచి.

"దాటలేదు."

"సగం బంతి లోపలికెళ్ళిందిరా."

"సగం వెళ్తే గోల్ అవుతుందా, ఎన్నాళ్ళ నించి ఆడుతున్నావు నువ్వు?"

లారీ మీదివాళ్ళు నవ్వారు. బస్సులో తల వంచుకున్నవాళ్ళలో కూడా ఇద్దరు ముగ్గురు తలలెత్తారు. ఫుట్‌పాత్ మీద బస్సు కోసం నిలబడ్డ అత్తగారు వాళ్ళిద్దరికీ వినబడేలా కేకేసింది, "నేను చూశాను. ఈసారి కళ్ళు తెరిచే చూశాను."

"ఏమైంది మరి, దాటిందా?" అని ఇద్దరూ ఒకేసారి అడిగారు.

ఆవిడ అల్లుడికేసి చూసింది, కొడుకుకేసి చూసింది. "ఆ పొడుగు చొక్కాలో నువ్వు ఎలా కనబడ్డావో తెలుసా బాబూ" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. దారి క్లియర్ అయి లారీ ఇటూ, బస్సు అటూ కదిలేదాకా ఆవిడ నవ్వు ఆగలేదు.